పార తగలని నేల

కిందటి వారం చదివినవాళ్ళు ఈ నాలుగు ముక్కలూ దాటేసి ముందుకు వెళ్ళిపోవచ్చు. చదవనివాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెడతాను. చెప్పీ చెప్పీ నా నోరు ఎలాగూ అరిగిపోయింది, ఇంకోసారి అరిగితే వచ్చే నష్టమేమీ లేదు.

నా పేరు రాజ్యం. అల్లవరం దాటి సముద్రం వైపు వెళితే మడ అడవికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి రెండు పేటలున్నాయి. ఎగువదిబ్బ నా పుట్టిల్లు, దిగువదిబ్బ నా అత్తిల్లు. రెండూ వేట మీద బతికేవే. ఒకటే కులం, ఒకటే అమ్మవారు. తొంభై ఆరు తుపానుకి రెండు పేటల్లోనూ ఒక్క ఇల్లు నిలబడలేదు. మళ్ళీ ఇళ్ళు కట్టుకోవాలంటే గుంజలు కావాలి, గుంజలున్నది మడ అడవిలోనే. గొడవ అక్కడ మొదలైంది. నా తమ్ముడు కొండబాబు ఆ గొడవలో పోయాడు. చంపినవాడు నా మరిది మంగరాజు. ఆ రోజు నుంచి ఈ పేట పిల్లని ఆ పేటకి ఇవ్వలేదు, ఆ పేట పడవ ఈ రేవులో ఆగలేదు. మా అమ్మ వీరాయమ్మ నాతో మాట్లాడటమే మానేసింది.

ఐదేళ్ళు అలా గడిచాక అడవి శాఖవాళ్ళు వచ్చి, రెండు పేటలకీ కలిపి ఒకే వన సంరక్షణ సమితి అన్నారు. అడవిని ముక్కలు చేసి ఏటా ఒక్క ముక్కలోనే వంటచెరకు కొట్టుకోవాలి, మిగతావాటిని ఊపిరి పీల్చుకోనివ్వాలి. కొట్టినా మోకాలెత్తు మోడు ఉంచాలి, అప్పుడే మడ మళ్ళీ చిగురేస్తుంది. నడుమ బోడిగా పోయిన నేలలో కాలవలు తవ్వి, పోటు నీళ్ళు పారించి, మొక్కలు నాటాలి. అధ్యక్షురాలిగా నన్ను పెట్టారు. రెండు పేటలూ ఒప్పుకున్న మనిషిని నేనేనని పైకి అంటారు. అసలు సంగతేమిటంటే, రెండు పేటలూ కలిసి తిట్టుకోవడానికి వీలైన మనిషిని నేనే.

కిందటి వారం రెండు సంగతులు జరిగాయి. నాటిన మొక్కలు పండుబారి చచ్చిపోతున్నాయని తెలిసింది. రాజమండ్రి జైలు నుంచి మంగరాజు విడుదలై మా ఇంటికి వచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మొక్కలెందుకు చస్తున్నాయో చూద్దామని నేను కాలవ వెంట నడిచాను. మా కాలవ చేప ముల్లులా ఉంటుంది. నడుమ ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలవలు. రెండు పేటలవాళ్ళూ మొహాలు చూసుకోనక్కర్లేకుండా పని పంచింది నేనే. ఎగువదిబ్బవాళ్ళు ఉప్పుటేరు దగ్గర మొదలుపెట్టి ఇటు తవ్వుకు రావాలి. దిగువదిబ్బవాళ్ళు మొక్కలు నాటే బోడి నేలలో మొదలుపెట్టి అటు తవ్వుకు పోవాలి. నడుమ సరిహద్దు దగ్గర కలవాలి. వానాకాలంలో రెండు వైపులా వాన నీళ్ళు నిండి ఉండటంతో కలిసిందో లేదో నేను చూడలేదు. వేసవి వచ్చి మొక్కల మొదట్లో నేల ఉప్పు పేరుకుని తెల్లబడ్డాక చూస్తే, నడిమధ్యన నాలుగు బారల నేల అలాగే ఉంది. ఇటు మా దిగువదిబ్బవాళ్ళు, అటు వాళ్ళు, గీత గీసినట్టు అక్కడికి ఆపేశారు.

ఎగువదిబ్బ పెద్ద యేసురత్నం బాబాయిని అడిగాను. "ఆ ముక్క వాళ్ళు తవ్వుతారనుకున్నాం అమ్మాయ్" అన్నాడు. మావాళ్ళని అడిగితే "వాళ్ళు తవ్వుతారనుకున్నాం" అన్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అందరికీ తెలుసు. కొండబాబు శవం దొరికింది అక్కడే.

మాలో ఒక ఆచారం ఉంది. మనిషి రక్తం పడ్డ నేలలో ముందుగా పార వెయ్యాల్సింది ఆ రక్తం కళ్ళజూసిన చెయ్యే. పోయినవాడి ఇంటి ఆడది ఆ చేతి మీద చెంబుడు నీళ్ళు పొయ్యాలి. అప్పుడు ఆ నేలకి విడుదల. అంతవరకూ ఎవరు తవ్వినా ఆ చావు వాళ్ళింటికి నడిచొస్తుందని నమ్మకం. నమ్మకాల సంగతి నాకు తెలియదు గానీ, ఆ నాలుగు బారల కోసం ఇటు మొక్కలన్నీ చస్తున్నాయి.

అడవి శాఖ ఆఫీసరు రాజేంద్ర గారు మర్యాదస్తుడు, గొంతు పెంచడు. "ఏవండీ రాజ్యం గారూ, ఈ పున్నమి పోటు దాటిపోతే మళ్ళీ ఇంత నీరు ఇప్పట్లో ఎక్కదండి. మొక్కలు పోతాయి. మొక్కలే లేనప్పుడు సమితి ఎందుకని పైవాళ్ళు అడుగుతారండి" అన్నాడు.

"ఆయ్" అన్నాను.

అంతకన్నా ఏమంటాను. ఆ సమితి మీటింగు తప్ప రెండు పేటలవాళ్ళు ఒక టార్పాలిన్ పరదా మీద కూర్చునే చోటు ఇంకోటి లేదు. కూర్చున్నా మాట్లాడుకోరు, నాతో చెబితే నేను అటు చెప్పాలి. అయినా కూర్చుంటున్నారు. అది కూడా పోతే మళ్ళీ కత్తులు పట్టుకుని అడవిలోకి పోవడమే. ఇంకో శవం మొయ్యడానికి నా దగ్గర ఓపిక లేదు. నిజంగా లేదు.

అందుకని సిగ్గు చంపుకుని ఎగువదిబ్బ వెళ్ళాను. అమ్మ వాకిట్లో కూర్చుని ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి గోడవైపు తిరిగింది. నేనూ గోడకే చెప్పాను, మంగరాజు వచ్చాడని, ఆచారం ప్రకారం వాడి చేత పార వేయిద్దామని, నీళ్ళు నువ్వు పోస్తే బాగుంటుందని.

ఆరేళ్ళ తర్వాత మా అమ్మ నాతో మాట్లాడింది. "ఎవరైనా తవ్వుకోండి. వాడు మాత్రం అక్కడ కాలు పెట్టకూడదు."

"వేరేవాళ్ళు తవ్వరు కదమ్మా. ఆచారం వాడి చెయ్యే అడుగుతోంది."

"నాకు ఆచారాలు చెప్పకు. వాణ్ణి అక్కడికి తీసుకురాకు. అంతే."

కొడుకుని పోగొట్టుకున్న కడుపుమంట అనుకున్నాను. తిరగేసిన చేపలే మళ్ళీ మళ్ళీ తిరగేయడం చూశాను, అది కూడా కోపమే అనుకున్నాను.

ఇంటికొస్తే మా ఆయన భీమరాజు ఇంకో పాట. "ఒద్దులే రాజ్యం. మొక్కలు పోతే పోనీ. తమ్ముడు ఇప్పుడే కదా వచ్చేడు, వాణ్ణి మళ్ళీ జనం మధ్యకి లాగకు" అన్నాడు. ఈ మనిషి ఆరేళ్ళలో నా తమ్ముడి పేరు ఇంట్లో ఎత్తలేదు. నా మనసు కష్టపెట్టకూడదని ఎత్తడం లేదనుకుని, లోలోపల ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

మంగరాజు వెనక వసారాలో ఉంటున్నాడు. పెట్టింది తింటాడు, బయటికి రాడు. అడిగితే తలొంచుకున్నాడు. "తవ్వమంటే తవ్వుతాను వదినా. నీళ్ళెవరు పోస్తారు?"

"నేను పోస్తాను. నేనూ ఆ ఇంటి ఆడదాన్నే."

ఏదో అనబోయాడు. నేను అడగలేదు. వాడితో మాట్లాడిన ప్రతిసారీ నాకు రెండు రోజుల నీరసం వస్తుంది.

పున్నమి నాటి పొద్దున, పాటు తీసి, నీళ్ళు సముద్రంలోకి వెనక్కి పోయి ఏరు అడుగున ఉన్న వేళ అందరూ వచ్చారు. ఎగువదిబ్బ అటు గట్టున, దిగువదిబ్బ ఇటు గట్టున. మగవాళ్ళ చేతుల్లో పారలు, ఆడవాళ్ళ దగ్గర మట్టి మొయ్యడానికి తట్టలు. రాజేంద్ర గారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను చెంబు పట్టుకుని ముందు నడిచాను, నా వెనక మంగరాజు. వాడు చిక్కిపోయాడు, చొక్కా లోపల మనిషి ఉన్నాడా అన్నట్టుంది. అటు గట్టున ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. వాళ్ళ వెనక మా అమ్మ. వాణ్ణి తీసుకురావద్దన్న మనిషి కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి నిలబడింది.

మంగరాజు ఒంగి నేలని కళ్ళకద్దుకున్నాడు. పార ఎత్తాడు. ఎత్తినవాడు దించడు. చివరికి మెల్లగా కిందికి దించి, పార కాడ మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు.

"కానియ్యి" అన్నాను.

"వదినా, అబద్ధం మీద నీళ్ళు పోయించుకోలేను. పాపం చాలా ఉంది, ఇదొకటి ఎందుకు?"

"ఏం అబద్ధం?"

"కొండబాబు బావ పడింది ఇక్కడ కాదు."

యేసురత్నం బాబాయి గట్టు అంచుకి వచ్చి, "ఇక్కడ కాకపోతే మరెక్కడ?" అన్నాడు.

మంగరాజు చెయ్యి చాపి చూపించాడు. "అదిగో, ఆ ఒంకర కళింగ చెట్టు అవతల. మూడు మడ మోళ్ళుంటాయి చూడండి, నేల మట్టానికి కొట్టేసినవి, మళ్ళీ చిగురెయ్యలేదు. బావ కొట్టినవే. మూడోది కొడుతుంటే నేనెళ్ళేను. మాటా మాటా అయ్యింది. కత్తి వెనక వైపు, మడమతో తల మీద కొట్టేను. కొట్టింది నేనే, ఏ రోజూ కాదనలేదు. పడిపోతే చచ్చిపోయేడనుకుని పారిపోయేను. కాయితాల్లో సరిహద్దు మీద అని రాసి ఉంది. ఎక్కడైతే ఏం, నోరు మూసుకో అన్నాడు మా ప్లీడరు. మూసుకున్నాను. కాని ఈ నేల మాత్రం కాదు."

ఆ కళింగ చెట్టు అవతలిదంతా దిగువదిబ్బ వాటా. అప్పటికీ, ఇప్పటికీ. అంటే నా తమ్ముడు సరిహద్దు దాటి, అవతలివాళ్ళ చెట్లు దొంగతనంగా కొడుతూ పడ్డాడని వాడి మాట.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈ ఆరేళ్ళలో కొండబాబు ఎగువదిబ్బలో సరిహద్దు కాపాడుతూ ప్రాణమిచ్చిన వీరుడైపోయాడు. వాడి పేరు మీద ఒక పడవుంది. వాడు పోయిన రోజున పేట మొత్తం పొయ్యి వెలిగించదు. వాడు బతికుండగా వాణ్ణి సోంబేరి అని తిట్టినవాళ్ళే వాడి పేరు పిల్లలకి పెట్టుకున్నారు. అలాంటివాణ్ణి పట్టుకుని, చంపినవాడే వచ్చి దొంగ అంటే ఊరుకుంటారా? అటు గట్టున కుర్రాళ్ళు పారలు తిప్పి పట్టుకున్నారు. ఇటు మావాళ్ళూ తిప్పారు. మట్టి తవ్వడానికి తెచ్చిన పారలే.

"చంపింది చాలక దొంగని కూడా చేస్తావురా" అంటూ ఒకడు కాలవలోకి దూకాడు.

నేను ఆ నాలుగు బారల నేల మీద, మధ్యలో, చెంబు పట్టుకుని ఉన్నాను. అడకత్తెరలో పోకచెక్క అనే సామెత ఎవరు పుట్టించారో గానీ నన్ను చూసే పుట్టించి ఉంటారు. భయం కూడా వెయ్యలేదు. అయిపోయింది, సమితి లేదు, కాలవ లేదు, ఇంక ఇంటికెళ్ళి పడుకోవచ్చు అనిపించింది. అంత అలసటగా ఉంది.

అప్పుడు మా అమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఆగండి. వాడు చెప్పింది నిజం."

దూకినవాడు దూకినచోటే ఆగాడు. అమ్మ గట్టు దిగలేక దిగి, నా పక్కకి వచ్చి నిలబడింది. నన్ను చూడలేదు, మంగరాజునీ చూడలేదు. యేసురత్నం బాబాయినే చూస్తూ మాట్లాడింది.

"నా కొడుకు వాళ్ళ వాటాలోనే పడ్డాడు. అక్కణ్ణించి ఇక్కడికి లాక్కొచ్చింది నేను."

"ఎందుకు వదినా?" అన్నాడాయన.

"దొంగతనానికెళ్ళి చచ్చేడంటారని. వాళ్ళు కాదు, మీరే అంటారని. అంతకు ముందు రోజే కదా నువ్వు అమ్మవారి మీద ఒట్టేయించేవు, ఎగువదిబ్బోడు ఎవడూ అవతల చెట్టు ముట్టకూడదని. వాడూ వేసేడు ఒట్టు. వేసి, తెల్లారగానే కత్తి పట్టుకెళ్ళేడు. ఎంతకీ రాకపోతే నేను ఎతుక్కుంటూ ఎళ్ళేను. మడుగులో పడున్నాడు. మనిషి ఎలాగూ దక్కలేదు, పరువైనా దక్కించుకుందామనుకున్నాను. ఇక్కడ పడుకోబెట్టి, అప్పుడు కేకేశాను."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంటెత్తింది. ఆరేళ్ళు. వాళ్ళ వాటాలో పడి ఉంటే అది ఇద్దరు బావామరుదుల తగువు, పెద్దలు కూర్చుని తేల్చేవారు. సరిహద్దు మీద దొరికాడు కాబట్టి రెండు పేటల యుద్ధమైంది. పెళ్ళి మాటలు మధ్యలో ఆగిపోయిన పిల్లలున్నారు. కానుపు కష్టమైతే పక్క రేవులో పడవ దిగనివ్వక చుట్టూ తిప్పుకెళ్ళిన రోజులున్నాయి. నా తల్లి నా మొహం చూడలేదు. అదంతా మా అమ్మ ఒక పొద్దున తీసుకున్న నిర్ణయం. ఆవిణ్ణి పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఆవిడ మెడ మీద ముడతలు చూసి చెయ్యి రాలేదు.

యేసురత్నం బాబాయి ఆ కళింగ చెట్టు వైపు చూశాడు. తర్వాత కుర్రాళ్ళ వైపు తిరిగి, "దించండ్రా" అన్నాడు. వాళ్ళు వెంటనే దించలేదు. అయినా దించారు.

"ఇక్కడ ఎవరి రక్తమూ లేదు. ఉత్త మన్ను. ఎవరు తవ్వినా ఏం కాదు" అంది అమ్మ. మంగరాజు చేతిలో పార లాక్కుని, ఉన్న బలమంతా పెట్టి నేలలో దింపింది. నాలుగు వేళ్ళ మందం కూడా దిగలేదు. మంగరాజు చెయ్యి వెయ్యబోతే పార వాడికే ఇచ్చేసి, వెళ్ళి గట్టు మీద కూలబడింది.

ముందు వాడే తవ్వాడు. తర్వాత యేసురత్నం బాబాయి దిగాడు. తర్వాత ఇటువాళ్ళు, అటువాళ్ళు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కౌగిలించుకోవడాలూ కన్నీళ్ళూ ఏవీ జరగలేదు, అలాంటివి ఆశించి ఈ సీరియల్ చదువుతున్నవాళ్ళు నన్ను క్షమించాలి. ఎండెక్కింది. ఒండ్రు పారకి అంటుకుని వదలడం లేదు. మా పేట ఆడది ఒకతె నిండిన తట్ట ఎత్తి, అందుకోవడానికి మావాళ్ళెవరూ లేక, అటు చాపింది. ఎగువదిబ్బ ఆడది ఒక నిమిషం చూసి అందుకుంది. తర్వాత అలాగే అందుకుంటూ పోయింది. ఆరేళ్ళ పగ పట్టుకోవడానికి కూడా చేతులు ఖాళీ ఉండాలి కదా.

మధ్యాహ్నం దాటాక పోటు తగిలింది. ముందు నురుగు, దాని వెనక ఎండుటాకులు, వాటి వెనక నీళ్ళు. తవ్విన చోటు దాటి, పిల్ల కాలవల్లోకి తిరిగి, తెల్లబడ్డ నేలని నల్లగా తడుపుతూ మొక్కల మొదళ్ళ దాకా వెళ్ళాయి. సగం మొక్కలు ఎలాగూ బతకవు. మిగతా సగం బతకవచ్చు.

"వచ్చేసిందండీ" అన్నాడు రాజేంద్ర గారు, ఆ మనిషి కళ్ళు చెమర్చాయి.

"ఆయ్, వచ్చేసింది" అన్నాను. వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ లేచిపోలేదు. తల్లీకూతుళ్ళం నీళ్ళు చూస్తూ కూర్చున్నాం. అడక్కుండా ఉండాల్సింది. కాని నేను వాడి అక్కని.

"అమ్మా, నువ్వెళ్ళేసరికి తమ్ముడు బతికే ఉన్నాడా?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనొక్కదాన్నే లాగేనంటే వాళ్ళు నమ్మేరు సరే. నువ్వెలా నమ్మేవే? పాతికేళ్ళ మగాణ్ణి, ఆ ఒండ్రులో, నేనొక్కదాన్నే?"

"మరి ఎవరు?" అన్నాను.

"నేనెళ్ళేసరికే మీ ఆయన అక్కడున్నాడు. మీ ఇంటికి గుంజలు కావాలని, మంగరాజుకి చెప్పకుండా వాణ్ణి పిలిచింది ఆయనేనట. పరువు పోకుండా చూడమని నేనే కాళ్ళమీద పడ్డాను. నేను తలవైపు పట్టుకున్నాను, ఆయన కాళ్ళవైపు. ఎత్తే ముందు వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేడు. ఏం తెలిసిందో నాకు చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. ఇన్నేళ్ళూ నీ మొహం చూడలేకపోయింది అందుకే."

కాలవలో, కొత్తగా తవ్విన చోట, భీమరాజు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నాడు. అందరూ గట్టెక్కినా ఆయన ఎక్కలేదు. నేను లేచి నీళ్ళలోకి దిగాను. చీర కుచ్చిళ్ళు బరువెక్కుతున్నా ఆయన దాకా నడిచాను. ఆయన వెనక్కి తగ్గలేదు, కళ్ళు కూడా తిప్పుకోలేదు.

"మావా" అన్నాను. "మీరు చెయ్యి పెట్టినప్పుడు వాడికి ఊపిరి ఉందా?"